ఎదురుగా మనిషుండగా

అరవై మూడు మంది ఇరవై నిమిషాల్లో ఒకే మాట మీదికి వచ్చేశారంటే ఎవరికైనా అనుమానం రావాలి. విశాలికి రాలేదు. సంతోషం వచ్చింది.

ఆదివారం పొద్దున్న, సీతన్నపేట రామమందిరంలో జరిగిన సంగతి ఇది. అరసవల్లి దాటి రెండు కిలోమీటర్లు పోతే వచ్చే ఊరు సీతన్నపేట. శ్రీకాకుళం హైవే జంక్షన్ దగ్గర మొదలై, పట్నం మధ్యగా, అరసవల్లి మీదుగా ఆ ఊరి దాకా బస్సుల కోసమే ఒక దారి వేయబోతున్నారు. ఆటోలు, బళ్ళు, గేదెలు ఏవీ అందులోకి దూరకూడదు. ఆ ముక్క గేదెలకు ఎవరు చెబుతారో మాత్రం ప్రాజెక్టు రిపోర్టులో ఎక్కడా రాయలేదు. దారికి చివరి స్టాపు సీతన్నపేట. స్టాపంటే నాలుగు రాటల మీద రేకు కప్పడం కాదు. దాని చుట్టూ నలభై సెంట్లలో కూరగాయల బజారు, ఆరోగ్య కేంద్రం, మహిళా సంఘాలకు దుకాణాలు, పిల్లలు కూర్చుని చదువుకునేందుకు ఒక గది వస్తాయి. అవన్నీ ఎవరి భూమిలో రావాలో ఊరివాళ్ళే చెప్పాలి. చెప్పించే పని విశాలిది. ఆమె ప్రాజెక్టు ఆఫీసులో ప్లానర్. ముప్పై ఒక్కేళ్ళు. చేసే పని మీద ఇంకా నమ్మకం పోలేదు.

ఆఫీసు నుంచి రావలసిన రంగు స్టిక్కర్లు ఎప్పటిలాగే రాలేదు. దారిలో ఫ్యాన్సీ షాపు దగ్గర స్కూటీ ఆపి ఎర్ర బొట్టుబిళ్ళల అట్టలు పది కొంది. మంచం దుప్పటంత మ్యాపును రామమందిరం గోడకు అంటించింది. మనిషికో బిళ్ళ ఇచ్చి, "స్టాపు ఎక్కడ కావాలో అక్కడ బొట్టు పెట్టండి" అంది. మగవాళ్ళు నవ్వుకున్నారు, ఆడవాళ్ళు మగవాళ్ళను చూసి నవ్వుకున్నారు. తర్వాత ఒక్కొక్కరే లేచారు. మొదట లేచినాయన మ్యాపు ముందు చాలాసేపు నిలబడి, వెనక్కి తిరిగి కూర్చున్నవాళ్ళను ఒకసారి చూసి, మళ్ళీ మ్యాపు వైపు తిరిగి బొట్టు పెట్టాడు. రెండో ఆయన పక్కనే పెట్టాడు. ఆ తర్వాత ఎవరూ ఆగలేదు. అరవై మూడు బొట్లూ రోడ్డుకు ఎడమ పక్కనున్న ఒకే ఒక్క సర్వే నంబరు మీద ఎర్రగా కుప్ప పడ్డాయి.

ఆ నంబరు మరిడమ్మ పూలతోటది. నలభై రెండు సెంట్లు.

"మరిడమ్మ గారు వచ్చారా?" అని విశాలి అడిగింది.

"రానేదు గానీ, సెప్తాంలే అమ్మీ. మనూరిదే కదా" అన్నాడు నారాయణమూర్తి. ఊళ్ళో పెద్ద రైతు, అందరూ మాట వినే మనిషి. ఆయన అన్నాడంటే అయిపోయినట్టే. విశాలి నోటు పుస్తకంలో 'ఏకాభిప్రాయం' అని రాసి, కింద రెండు గీతలు కూడా గీసింది.

నిజం చెప్పాలంటే ఆమెకు సంతోషం కలగడానికి ఇంకో కారణం ఉంది. దాన్ని నోటు పుస్తకంలో రాయలేదు. ఆమె ల్యాప్‌టాప్‌లో మొదటినుంచీ ఉన్న లెక్క వేరు. సీతన్నపేట రోడ్డూ పక్క ఊళ్ళ రోడ్డూ కలిసే మూల మీద నారాయణమూర్తి సరుగుడు తోపు ఉంది. కాలేజీ పిల్లలు, పట్నంలో పనులకు పోయే ఆడవాళ్ళు రోజూ షేర్ ఆటో కోసం నిలబడేది ఆ తోపు నీడలోనే. స్టాపు రావలసిన చోటు అదేనని ప్లానింగు చదవని వాళ్ళకు కూడా తెలుస్తుంది. తోపు ఎకరం పైనే ఉంది, అందులో నలభై సెంట్లు పోతే చాలు. కానీ ఆ మాట నారాయణమూర్తి ముందు తను అనవలసి వస్తుందేమోనని వారం రోజులుగా విశాలి ఆ లెక్క తెరవడమే మానేసింది. ప్రజలే ఇంకోచోటు చూపించేసరికి హాయిగా ఊపిరి పీల్చుకుంది.

నారాయణమూర్తి ఆమెకు చుట్టం కాడు. వాళ్ళ నాన్న త్యాగరాజు అరసవల్లి గుళ్ళో నాదస్వరం వాయిస్తాడు. నారాయణమూర్తి ఇంట్లో ఏ శుభకార్యమైనా మేళం ఆయనదే. అంతవరకైతే వేరు. విశాలి ఎంట్రన్సు పరీక్ష విజయనగరంలో పడినప్పుడు, నాన్నకు గుళ్ళో సేవ తప్పక, తీసుకెళ్ళే దిక్కు లేక ఇంట్లో అందరూ మొహాలు చూసుకుంటుంటే, ఈయనే మోటారు సైకిలు మీద ఎక్కించుకుని వెళ్ళాడు. మూడు గంటలు పరీక్ష హాలు బయట ఎండలో నిలబడ్డాడు. బయటికి రాగానే ఎలా రాశావని అడగలేదు, ఏం తింటావని అడిగాడు. అప్పటినుంచీ ఆయన ఆమెకు మావ, ఆమె ఆయనకు అమ్మీ.

సోమవారం ఆఫీసులో గురుప్రసాద్ ఆమెను ఆకాశానికి ఎత్తేశాడు. ఆయన ప్రాజెక్టు అధికారి. రిటైర్మెంటుకు రెండేళ్ళుంది, ఆలోపు ఒక్క ఫైలైనా గొడవ లేకుండా ముగియాలని ఆయన కోరిక.

"అరవై మూడుకి అరవై మూడు! ఇలాంటిది నా సర్వీసులో చూడలేదమ్మా. ఆ బొట్ల ఫోటో పైవాళ్ళకు పంపేశాను. శుక్రవారం ఫైలు వెళ్ళిపోవాలి. రేపు పోయి ఆ తోట కొలతలు తెచ్చేయ్."

మంగళవారం పదిగంటలకు విశాలి టేపు పట్టుకుని తోటకు వెళ్ళింది. ముందు వరసలో ఎర్ర మందారాలు, వెనక గన్నేరు, పక్కన బంతి మడులు, మూలగా రెండు గదుల పెంకుటిల్లు. యాభై అయిదేళ్ళ మరిడమ్మ మోకాళ్ళ మీద కూర్చుని బంతి మడిలో కలుపు తీస్తోంది. టేపు చూసి లేచింది.

"ఏటమ్మా కొలుస్తన్నారు?"

"స్టాపు కోసమండీ. మొన్న మీ ఊరివాళ్ళు ఇక్కడే కావాలన్నారు కదా, మీకు చెప్పలేదా?"

చెప్పలేదని మరిడమ్మ మొహం చూస్తేనే తెలిసింది. విశాలి గొంతు తగ్గించి అంతా వివరించింది. బస్సులు, బజారు, ఆరోగ్య కేంద్రం, భూమికి భూమి మరోచోట ఇస్తారన్న సంగతి. మరిడమ్మ చేతి మట్టి దులుపుకుంటూ వింది. ఎక్కడా అడ్డు రాలేదు.

"ఆ సబ ఎప్పుడైనాది?"

"ఆదివారం పొద్దున్నండీ. ముందు రోజు మైకు ఆటో కూడా తిప్పించాం."

"ఆదివారం నాను గుడికాడుంటాను గదమ్మా. వారానికంతటికీ నాకున్నదొక్క ఆదివారమే. కోడి కుయ్యకముందే బుట్టెత్తుకుని పోతే మళ్ళీ పొద్దుగుంకాకే రావడం. మా ఊర్లో నాలాటోళ్ళు సానామంది. పూలోళ్ళు, కొబ్బరికాయలోళ్ళు, ఆటోలోళ్ళు ఎవుళూ ఊర్లో ఉండరు." ఆమె విశాలి మొహంలోకి చూసింది. కోపం లేదు. అర్థం కాక చూసింది. "నువ్వు మేళం త్యాగరాజు గారి పాపవి కదేటి. నీకు తెల్దా?"

విశాలి టేపు చుట్టుకుని, మళ్ళీ వస్తానని చెప్పి స్కూటీ ఎక్కింది. ఎక్కడికి పోతోందో చూసుకోకుండా పట్నం దాకా పోయి, నాగావళి వంతెన దాటి, అవతల టీకొట్టు దగ్గర ఆగి, టీ చెప్పి, తాగకుండానే వెనక్కి తిరిగింది. ఆ రోజంతా ఆమెకు ఒకచోట కాలు నిలవలేదు.

అరసవల్లిలో పుట్టి పెరిగిన మనిషికి ఆదివారమంటే ఏమిటో ఇంకొకరు చెప్పాలా? సూర్యనారాయణ స్వామి వారం అది. ఎక్కడెక్కడి జనమో వచ్చిపడే రోజు. ఆ జనం మీద బతికే వాళ్ళకు ఊపిరాడని రోజు. చిన్నప్పుడు క్లాసులో పిల్లలంతా ఆదివారం నాన్నతో అక్కడికి పోయాం ఇక్కడికి పోయాం అని చెబుతుంటే తను నోరు మూసుకుని కూర్చునేది. ఆమె ఎరిగిన నాన్నకు ఆదివారం అనేదే లేదు. అయినా సభ ఎప్పుడు పెడదామని గురుప్రసాద్ అడిగితే, "ఆదివారమైతే అందరూ ఖాళీగా ఉంటారు సార్" అన్నది తనే. హాస్టల్లో ఉండి అయిదేళ్ళు ప్లానింగు చదివితే మిగతా దేశపు ఆదివారం ఒంటపట్టింది, సొంత ఊరి ఆదివారం మరుపున పడింది.

సాయంత్రం ఇంటికి వెళితే నాన్న వీధి అరుగు మీద కూర్చుని నాదస్వరానికి తొడిగే పీకలు శుభ్రం చేసుకుంటున్నాడు. విశాలి చెప్పింది విని చేతిలో పని ఆపేశాడు.

"ఆదివారమా? నీకు పదిహేడేళ్ళొచ్చేదాకా ఒక్క ఆదివారం నన్ను ఇంటికాడ సూసినావా?"

"మర్చిపోయాను నాన్నా."

"మర్సిపోడానికి అదేవన్నా చిన్నదా?" అన్నాడాయన. తిట్టలేదు. కానీ శుభ్రం చేసిన పీకనే తీసి మళ్ళీ తుడిచాడు. తిట్టి ఉంటేనే బాగుండేదని విశాలికి అనిపించింది. "సరే. ఆదివారం సంగతి నీ తప్పు. ఆ అరవైమందీ ఆ తోట మీదే ఎందుకెట్టినారో అది కనుక్కో. ఊరంతా పాపం మరిడమ్మ మీద పగబట్టలేదు కదా."

కనుక్కోవలసింది నారాయణమూర్తి దగ్గరే. బుధవారం మధ్యాహ్నం వెళ్ళేసరికి ఆయన అరుగు మీద విత్తనానికి వేరుశనగలు ఏరుతున్నాడు. ఆయన కోడలు నీలవేణి ఇంట్లో లేదు. ఆమె పట్నంలో ఒక ల్యాబులో పనిచేస్తుంది, రోజూ తోపు మూలనుంచే ఆటో ఎక్కుతుంది.

"మరిడమ్మ గారికి ఎవరూ చెప్పలేదు మావా."

"సెప్దామనే ఉన్నాది అమ్మీ. ఎలగ సెప్పాలా అని." ఆయన చేట పక్కన పెట్టాడు. "కూకో. నీకు సదువుంది గానీ కొన్ని తెల్దు. ఎదర మనిషి కూకునుండగా ఆడి భూమిలో బొట్టెట్టమంటే ఎవుడెడతాడు? నువ్వెడతావా? రేపు ఆడి మొహం సూడాలా వద్దా? ఆడింటికి పెళ్ళికెల్లాలా వద్దా? ముందర జగన్నాధం లేసినాడు. నావైపు సూసినాడు, ఎర్రన్న వైపు సూసినాడు. అందరం కూకునే ఉన్నాం. ఇంకెక్కడెడతాడు? సబకి రానోళ్ళ దాంట్లో ఎట్టినాడు. ఆ తరవాతోళ్ళకి దారి దొరికిపోనాది."

"అంటే ఆ చోటు మంచిదని కాదు."

"మంచీ సెడ్డా ఎవుడు సూసినాడు? మొహమాటం." ఆయన కొంచెం ఇబ్బందిగా నవ్వాడు. "దాందేవుందిలే. ఒంటి మనిషి. పిల్లా జెల్లా నేరు. గవర్నమెంటు మరోకాడ ఇస్తాది కదా."

"మరోచోట ఇచ్చేది అయిదు కిలోమీటర్ల అవతల మావా. అక్కడినుంచి తెల్లారేసరికి గుడికి పూలు ఎలా తెస్తుంది? చెట్లు మళ్ళీ పూతకు రావడానికి ఎన్నేళ్ళు పడుతుంది?"

ఆయన మళ్ళీ చేట అందుకున్నాడు. ఆ క్షణాన విశాలి అనవలసిన మాట ఒకటే ఉంది. మీ తోపు ఇవ్వండి మావా, స్టాపు రావలసింది అక్కడే. నాలుక చివరిదాకా వచ్చింది. ఈలోగా లోపలినుంచి ఆయన భార్య గ్లాసుతో చల్ల తెచ్చి చేతిలో పెట్టింది. విశాలి తాగింది. చల్ల తాగి, పిల్లల గురించి, ఎండల గురించి మాట్లాడి, లేచి వచ్చేసింది. వీధి మలుపు తిరిగాక స్కూటీ ఆపి తన్ను తాను గట్టిగా తిట్టుకుంది. అరవై మూడు మంది మొహమాటాన్ని తప్పు పట్టడానికి వచ్చింది, తనది అరవై నాలుగోది.

ఆఫీసుకు వెళ్ళి గురుప్రసాద్‌కు జరిగింది చెప్పింది. ఆయన తల పట్టుకున్నాడు.

"దొరక్క దొరక్క దొరికిన ఏకాభిప్రాయాన్ని నువ్వే పాడు చేస్తానంటావేమిటమ్మా?"

"అది ఏకాభిప్రాయం కాదు సార్. సగం ఊరు లేదక్కడ."

"ఎప్పుడు మాత్రం ఊరంతా ఉంటుంది?" ఆయన ఫైలు మూసి పక్కకు నెట్టాడు. చెడ్డ మనిషి కాడు, అలిసిపోయిన మనిషి. "సరే. రేపు గురువారం ఇంకోసారి పెట్టు. అందర్నీ పిలువు. వాళ్ళు మారిస్తే మారుద్దాం. మార్చకపోతే పాతదే వెళ్తుంది. శుక్రవారం మాత్రం దాటదు."

గురువారం పొద్దున్న రామమందిరం నిండిపోయింది. ఆటోవాళ్ళు వచ్చారు, కొబ్బరికాయలవాళ్ళు వచ్చారు, ఆదివారం వచ్చినవాళ్ళూ అందరూ వచ్చారు. నీలవేణి ల్యాబుకు గంట ఆలస్యంగా వస్తానని చెప్పి ఆడవాళ్ళలో కూర్చుంది. మరిడమ్మ స్తంభం పక్కన, గోడకు ఆనుకుని కూర్చుంది. నారాయణమూర్తి ఎప్పటిలా ముందు వరసలో. విశాలి కొత్త మ్యాపు అంటించి, అందరికీ తలొక బిళ్ళా ఇచ్చింది. ఆదివారం ఎవరెవరు లేరో చెప్పింది. తప్పు తనదని చెప్పింది. మీకు మంచిదనిపించిన చోట పెట్టండి అంది.

ఎవరూ లేవలేదు.

అయిదు నిమిషాలయింది. జగన్నాధం వేలి చివర బిళ్ళను అటూ ఇటూ తిప్పుతున్నాడు. ఎర్రన్న పైకప్పు వైపు చూస్తున్నాడు. ఎవరో దగ్గారు. పది నిమిషాలయింది. పక్కవాడిని లెమ్మని పక్కవాడు మోచేత్తో పొడిచాడు, ఆ పక్కవాడు వినపడనట్టు కూర్చున్నాడు. ఇప్పుడు సభలో లేనివాళ్ళు లేరు. ఏ సర్వే నంబరు చూసినా దాని మనిషి ఎదురుగా ఉన్నాడు. విశాలి గోడ వైపు చూసింది. ఈ మ్యాపు ఇలాగే తెల్లగా మిగిలితే పాతదే వెళ్ళిపోతుంది. తోటను కాపాడదామని పెట్టిన సభే దాన్ని మింగేస్తుంది.

అప్పుడు మరిడమ్మ లేచింది. చీర సర్దుకుని, కూర్చున్నవాళ్ళ కాళ్ళు తొక్కకుండా చూసుకుంటూ మ్యాపు దగ్గరికి వచ్చింది. "మా తోట ఏదమ్మా ఇందులో?" అని అడిగింది. విశాలి చూపించింది. మరిడమ్మ తన వేలి మీదున్న ఎర్ర బిళ్ళను తీసి తన తోట మీదే పెట్టింది.

"అక్కడెందుకండీ?" అంది విశాలి.

"మరెక్కడెట్టనమ్మా? అందరూ ఎదరే ఉన్నారు." మరిడమ్మ అంత మామూలుగా అనేసి, మళ్ళీ కాళ్ళు తొక్కకుండా వెళ్ళి స్తంభం పక్కన కూర్చుంది.

సభ మొత్తం ఊపిరి వదిలింది. అది విశాలికి వినిపించింది. "అయిపోనాది, ఆ మడిసే ఎట్టీసినాక మరేటున్నాది" అని ఎవరో అన్నారు. ఇద్దరు లేవబోయారు, మరిడమ్మ బొట్టు పక్కన తమ బొట్లు పెట్టడానికి. గురుప్రసాద్ వింటే ఎగిరి గంతేస్తాడు. భూమి గల మనిషే ఇచ్చుకుంటే ఇంక ఏ కోర్టూ అడ్డుపడదు. మొదటిసారి ఆమెకు తెలియకుండా తీసుకున్నారు, ఈసారి ఆమె చేతే ఇప్పించుకుంటున్నారు. విశాలికి ఒళ్ళు మండింది. తన మీద అని తప్ప ఇంకెవరి మీద మండిందో ఆమెకే తెలియలేదు.

"ఒక్క నిమిషం" అంది. అట్టలోంచి ఒక బిళ్ళ ఊడదీసింది. మ్యాపు మీద రెండు రోడ్లు కలిసే మూల వెతికి, నారాయణమూర్తి సరుగుడు తోపు మీద, అందరూ చూస్తుండగా, ఆయన ముందు వరసలో కూర్చుని ఉండగా, బొట్టు పెట్టింది.

లేవబోయిన ఇద్దరూ మళ్ళీ కూర్చున్నారు.

"ఇది నేను పెడుతున్నాను" అంది అందరి వైపూ తిరిగి. "నన్నెవరూ పెట్టమనలేదు. మీ పిల్లలు రోజూ ఆటో కోసం నిలబడేది అక్కడే. మీ ఆడవాళ్ళు దిగేది అక్కడే. మొదటి రోజునుంచీ నా లెక్కలో ఉన్నది అదే, చెప్పడానికి నాకు ధైర్యం చాల్లేదు. తిట్టుకుంటే నన్ను తిట్టుకోండి. ఊళ్ళో మీరు మీరు మాట్లాడుకోవడం మానక్కర్లేదు."

నారాయణమూర్తి ఆమె వైపు చూశాడు. ఆ చూపుకు విశాలి కళ్ళు దించుకోవాలనుకుంది, దించుకోలేదు.

"మీ నాన్న ఎట్టమన్నాడా?"

"లేదు మావా. నాన్నకు తెలీదు."

"నిన్న మా ఇంటికొచ్చి సల్ల తాగినావు. అప్పుడు సెప్పనేదు."

"చెప్పలేకపోయాను."

ఆయన కండువా భుజం మీద సర్దుకున్నాడు. ఆటో గంగులు అని ఒకడున్నాడు, రోజూ ఆ మూల మీదనుంచే ఆటో తిప్పేవాడు. వాడు లేచి, ఎవరితోనూ కాదన్నట్టుగా, "ఆపీసరమ్మే ఎట్టీసినాక మనదేటున్నాదిలే" అని గొణిగి, వచ్చి విశాలి బొట్టు పక్కన తన బొట్టు పెట్టాడు. నారాయణమూర్తి ముందునుంచి కాకుండా గోడవారగా వెనక్కి పోయాడు. తర్వాత కొబ్బరికాయలామె వచ్చింది. తర్వాత మరో ఇద్దరు. మొదటి బొట్టు పెట్టిన పాపం ఎవరిదో తేలిపోయింది కాబట్టి మిగతా వాళ్ళకు చేతులొచ్చాయి. వరస కట్టారు. ఎవరూ నారాయణమూర్తి వైపు చూడలేదు, పెట్టడం మాత్రం మానలేదు. జగన్నాధం కూడా లేచాడు, "నాదేవుంది, అందరితో పాటే" అనుకుంటూ.

ఆడవాళ్ళ వరసలోంచి నీలవేణి వచ్చింది. కొంగు భుజం మీదుగా నిండా కప్పుకుని, తల వంచుకుని, మావగారి కాళ్ళ ముందునుంచే నడిచి వచ్చి, పెట్టి వెళ్ళింది. విశాలి ఆయన మొహం చూసింది. ఇంతసేపూ రాయిలా కూర్చున్న మనిషి కోడలు వెళ్ళాక ఒకసారి కండువాతో మొహం తుడుచుకున్నాడు. విశాలికి ఆ క్షణంలో ఏడుపొచ్చింది. చేసింది తప్పని కాదు. ఇంతకంటే మెత్తగా చేసే దారి ఏదో ఉండే ఉంటుందని, అది తనకు తట్టలేదని.

ఆ మూల మీద బొట్టు పెట్టనివాళ్ళు చివరకు ఇద్దరే మిగిలారు. మరిడమ్మ ముందే పెట్టేసింది కాబట్టి ఆమె చేతిలో ఏమీ లేదు. నారాయణమూర్తి చేతిలో బిళ్ళ ఉంది. అందరూ వెళ్ళిపోవచ్చు, కానీ ఎవరూ కదల్లేదు. ఆయన మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచాడు. మ్యాపు దగ్గరికి వచ్చి, తన తోపు ఎక్కడుందో ఒకరు చూపించే పని లేకుండానే, ఆ ఎర్ర కుప్ప మధ్యలో మిగిలిన ఖాళీ చూసి తన బొట్టు అతికించాడు. ఊడిపోకుండా బొటనవేలితో గట్టిగా నొక్కాడు.

"ఊరందరిదీ ఉండి నాదొక్కటీ నేకపోతే, రేపు ఈ ఊర్లో నాను తిరగడం ఎలాగ?" అన్నాడు సభ వైపు తిరిగి. కొందరు తలలు ఊపారు. ఎర్రన్న చటుక్కున లేచి ఆయనకు దారి ఇచ్చాడు. మరిడమ్మ నిలబడి రెండు చేతులూ జోడించబోయి, ఈ సమయంలో దండం పెడితే ఆయనకు ఇంకా చిన్నతనంగా ఉంటుందేమోనని కాబోలు, చేతులు కొంగులో దాచేసుకుంది. తోటకు నీళ్ళు పెట్టాలని పక్కామెతో అని ముందుగా బయటపడింది.

నారాయణమూర్తి చెప్పుల దాకా వెళ్ళి ఆగాడు. విశాలి గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. అమ్మీ అంటాడనుకుంది. తిడతాడేమో అనుకుంది. తిట్టినా బాగుండుననుకుంది.

"వస్తాను మేడమ్" అన్నాడాయన మర్యాదగా. "కొలతలకి ఎప్పుడొస్తారో ముందుగా కబురెట్టండి. మనిషిని పంపుతాను."

విశాలి తల ఊపింది. ఆయన మెట్లు దిగి, వీధిలోకి వెళ్ళి, తోపు వైపు కాకుండా ఇంటి వైపు తిరిగాడు. శుక్రవారం ఫైలు వెళ్తుంది. తోట ఉంటుంది. కావాలనుకున్నది అయింది. ఆయన్ని వెనక్కి పిలిచి ఒక్క మాట చెప్పాలని విశాలి రెండు మెట్లు దిగి నోరు తెరిచింది. ఏమని పిలవాలో ఆమెకు తెలియలేదు.